బరువు తగ్గించే ప్యాచ్‌లు: నెలల తరబడి వాడాక తేలిన లెక్క

బరువు సంగతి ముందే చెప్పేస్తాను: ఏమీ తగ్గలేదు. నడుము కొలతలో కనిపించిన తేడా కొన్ని గంటల్లోనే మాయమైంది. ఒంటి మీద నిలిచి కనిపించిన ఫలితమల్లా దురద, ఆ తర్వాత మిగిలిన నల్లమచ్చ. ఎందుకిలా అన్నది తెలిస్తే రేపు ఇంకో పేరుతో ఇంకో ప్యాచ్ వచ్చినా మోసపోరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వాడినవి మూడు రకాలు. ఒకటి బొడ్డులో పెట్టి పైన అంటించే గుండ్రటి స్టిక్కర్. మధ్యలో చిన్న అయస్కాంతమో, నల్లటి మూలికల ఉండో ఉంటుంది. ఆ మూలిక మాచిపత్రి జాతిది. వినాయక చవితి పత్రిలో మొదటి పేరు దానిదే కాబట్టి మనవాళ్లకు కొత్తేమీ కాదు. రెండోది పొట్టంతా పరుచుకునే సీతాకోకచిలుక ఆకారం ప్యాచ్. ఇందులో మెంథాలో, మిరప ఘాటైన క్యాప్సైసినో, కెఫీనో కలిపి ఉంటాయి. మూడోది ఈమధ్య ‘జీఎల్‌పీ-1’ (ఆకలి తగ్గించే ఒక హార్మోన్ పేరు) అని పెద్దక్షరాలతో అమ్ముతున్నది. వెనక చిన్నక్షరాలు చదివితే ఉన్నది మానుపసుపులో దొరికే బెర్బెరిన్, కొన్నిట్లో గార్సీనియా, అంటే మలయాళీలు చేపల పులుసులో వేసే కుడంపులి.

ప్యాచ్ ద్వారా మందు ఎక్కించడం బూటకం కాదు. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించే స్కోపొలమైన్ ప్యాచ్‌కి అమెరికాలో 1979లోనే అనుమతి వచ్చింది. సిగరెట్ మాన్పించే నికోటిన్ ప్యాచ్ మన మందుల షాపుల్లోనూ దొరుకుతుంది. అవి పనిచేస్తాయి, వాటికి కారణాలున్నాయి. చర్మం పైపొర మందం ఒక మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా మాత్రమే. అయినా గట్టి కాపలాదారు. సుమారు 500 డాల్టన్లకు (డాల్టన్ అంటే అణువుల బరువుకి కొలమానం) మించిన అణువును లోపలికి రానివ్వడం చాలా అరుదు. నికోటిన్ 162 డాల్టన్లు, కొవ్వులోనూ నీళ్లలోనూ కరుగుతుంది, పైగా రోజుకు 21 మిల్లీగ్రాములు అందితే చాలు. చిన్న అణువు, తక్కువ మోతాదు. ఈ రెండూ కుదిరిన మందులే ప్యాచ్‌గా నిలబడ్డాయి.

ఇప్పుడు బరువు ప్యాచ్‌ని ఈ తూకంలో పెట్టండి. నిజమైన జీఎల్‌పీ-1 మందు సెమాగ్లూటైడ్ 4,100 డాల్టన్ల పైమాటే. మామూలు జిగురు ప్యాచ్‌లోంచి అది లోపలికి వెళ్లదు, అందుకే వారానికోసారి సూదిగా పొడుచుకుంటారు. ఆ సూది 68 వారాల పరీక్షలో సగటున 15 శాతం దాకా బరువు తగ్గించిందని 2021లో తేలింది. ఆ పేరు మీద వచ్చిన నమ్మకాన్ని ఈ స్టిక్కర్లు అప్పు తెచ్చుకుంటున్నాయి, అంతే. ఇక బెర్బెరిన్ 336 డాల్టన్లే కానీ, విద్యుదావేశం ఉన్న అణువు. కొవ్వుతో నిండిన చర్మపు పైపొరలోకి సులువుగా దిగదు. పైగా నోటి ద్వారా తీసుకునేవాళ్లు రోజుకు వెయ్యి, పదిహేను వందల మిల్లీగ్రాములు తీసుకుంటారు.

అంత మందు ప్యాచ్‌లో పడుతుందా అని లెక్కేయండి. 6 సెంటీమీటర్లకు 8 సెంటీమీటర్ల ప్యాచ్, జిగురు మందం పదో వంతు మిల్లీమీటరు. మొత్తం జిగురు బరువే అర గ్రాము. అందులో పదో వంతు మందు ఉందనుకున్నా 50 మిల్లీగ్రాములు. అందులోనూ ఒంట్లోకి వెళ్లేది కొంతే. గార్సీనియాది ఇంకా చిన్నబోయే కథ. అందులో ఉండే హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లాన్ని రోజుకు 1,500 మిల్లీగ్రాముల లెక్కన 12 వారాలు మింగించి చూసిన 1998 నాటి అమెరికా పరీక్షలోనే మందు లేని ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనిపించలేదు.

కెఫీన్ సంగతి వేరు, అది చర్మంలోంచి నిజంగానే వెళ్తుంది. కానీ ప్యాచ్ పెట్టిన చోట కొవ్వు అక్కడికక్కడే కరిగి ఎటో పోదు. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. ‘వారంలో 5 కిలోలు’ అన్న ప్రకటన నిజం కావాలంటే రోజుకు 5,500 కేలరీల లోటు పడాలి. చాలామంది రోజు మొత్తమ్మీద ఖర్చు చేసేది అందులో సగం కూడా ఉండదు. పూర్తిగా పస్తున్నా కుదరని లెక్క!

మరి నడుము తగ్గినట్టు ఎందుకు కనిపిస్తుంది? రాత్రంతా బిగుతుగా అంటిన ప్యాచ్ చర్మాన్ని అదిమి పెడుతుంది, దాని కింద చెమట పోస్తుంది. తీసిన వెంటనే టేపు పెడితే ఒక సెంటీమీటరు తక్కువ వస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ మామూలే. తూకమూ అంతే. రాత్రి ఆవకాయన్నం తింటే ఉప్పుకి నీరు పట్టి పొద్దున బరువు పెరుగుతుంది, ఆడవాళ్లకు నెలసరి ముందూ పెరుగుతుంది. ఒకటి రెండు కిలోల ఊగిసలాట సహజం. తేల్చుకోవాలంటే రోజూ పొద్దున్నే మలవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు తూచుకుని వారం సగటు తీయాలి. నడుముని చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. ఒక వారం ప్యాచ్, ఒక వారం అంతే సైజు ఉత్త మైక్రోపోర్ టేపు (కట్టు కట్టేటప్పుడు అంటించే కాగితపు టేపు) పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది. నాకైతే ఆ రెండు వారాల సగటుల్లో తేడా కనిపించలేదు.

ఇంకో చమత్కారం పెట్టెలోని కాగితంలో ఉంది. రాత్రి ఏడు దాటాక తినొద్దు, తీపి మానండి, గంట నడవండి అని అందులో రాసి ఉంటుంది. అది పాటిస్తే ఎవరైనా తగ్గుతారు. పేరు మాత్రం స్టిక్కర్‌ది.

చర్మం దగ్గరికొద్దాం, ఇక్కడే అసలు ఖర్చు. మన ఎండల్లో, ఉక్కలో ప్యాచ్ కింద చెమట నిలిచి వెంట్రుకల కుదుళ్లు పొక్కుతాయి. ఘాటు రకాలైతే పావుగంటలోనే మంట మొదలవుతుంది. ఆ మంటనే ‘కొవ్వు కరుగుతున్న వేడి’ అని అమ్ముతారు. నిజానికి అది నరాల చివర్లను రెచ్చగొట్టడం మాత్రమే. క్యాప్సైసిన్ రకం తీశాక వెంటనే వేణ్ణీళ్లు పోసుకుంటే మంట మళ్లీ రేగుతుంది. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. ప్యాచ్ తీశాక చేతికీ, అంటించిన చోటికీ నూనె రాసి, సబ్బుతో కడుక్కోవాలి.

వాడిన గంటల్లోనే ఎర్రబడి, తీశాక తగ్గిపోతే అది రాపిడి, చెమట. రెండు మూడు రోజులకు దురద పెరిగి, ప్యాచ్ అంచు దాటి దద్దుర్లు పాకి, నీటిపొక్కులు లేస్తే అది జిగురు అలర్జీ. అక్రిలేట్లు, పైన్ చెట్టు బంక దీనికి పేరుమోసినవి. ఒకసారి పట్టుకుంటే ఆ అలర్జీ వదలదు, రేపు గాయానికి అంటించే ప్లాస్టరూ పడకపోవచ్చు. చామనఛాయ చర్మం మీద ఆ మచ్చ నెలల తరబడి ఉంటుంది.

వద్దన్నా వాడతామనేవాళ్లు ముందు చిన్న ముక్కని మోచేతి లోపలివైపు 48 గంటలు ఉంచి, తీశాక మరో రెండు రోజులు గమనించండి. గీసుకున్న చర్మం మీద, లోషన్ రాసిన చోట పెట్టొద్దు. తీసేటప్పుడు అంచులకు కొబ్బరినూనె పట్టించి, చర్మానికి సమాంతరంగా మెల్లగా లాగాలి. పైకి లాగితే పైపొర కూడా వస్తుంది. వారం దాకా మళ్లీ అదే చోట అంటించకూడదు. ప్యాచ్ మీద వేడినీళ్ల సంచి అసలు పెట్టకూడదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి వెళ్లొద్దు. పాదాలు తిమ్మిరెక్కే దాకా వచ్చిన షుగర్ ఉన్నవాళ్లకు కాలినా తెలియకపోవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే అయస్కాంతం రకాన్ని 15 సెంటీమీటర్ల దగ్గరికి రానివ్వకూడదు. థైరాయిడ్ ఉన్నవాళ్లు సముద్రపు నాచు కలిపామని కవర్ మీద ఉన్నవాటికి దూరంగా ఉండాలి, అందులో అయోడిన్ ఉంటుంది. ఎంఆర్‌ఐ తీయించుకునే ముందు ఏ ప్యాచ్ అయినా ఉందని చెప్పాలి, కొన్నిట్లో అల్యూమినియం పొర వేడెక్కి కాలుతుంది.

నాకు ప్యాచ్‌కంటే ఎక్కువ భయం వేసేది దానితో ‘ఫ్రీ’గా వచ్చే క్యాప్సూల్స్, టీ పొడి. మూలికల పేరుతో అమ్మిన ఇలాంటి వాటిల్లో సిబుట్రమైన్ అనేకసార్లు బయటపడింది. గుండెకు ప్రమాదమని 2011లో మన దేశంలో నిషేధించిన మందు అది. వాటిని తెరవకుండా పారేయండి.

మందుతో లావు తగ్గిస్తామని ప్రకటించడం మన దగ్గర 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో ఊబకాయం ఉంది. కొన్నవాళ్లు డబ్బు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. ఒంటికి హాని జరిగితే మందుల దుష్ఫలితాలు నమోదు చేసుకునే హెల్ప్‌లైన్ 1800-180-3024కి చెప్పాలి. కవర్ మీది బ్యాచ్ నంబర్, తయారీదారు చిరునామా, ఎర్రబడిన చోట ఫోటో దగ్గర పెట్టుకోండి. చిరునామాయే లేకపోతే అదీ ఫిర్యాదులో రాయండి.