అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్: టీనేజ్ నవలల కోసం వెళ్ళేవాళ్ళకి

డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్తాను. రకరకాల దేశాల, జాతుల టీనేజ్ పిల్లల కథలతో డిగ్రీలో ఒక కోర్సు నడుపుతున్నాం. కొత్త పుస్తకాలు కొనమంటే మా పిల్లల వల్ల కాదు. అందుకే క్లాసుకి కావలసిన కాపీలు చాలావరకు హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లోంచే ఏరుకొస్తాను.

ఆదివారం మూసిన షాపుల షట్టర్ల ముందు పోసిన గుట్టల్లో 'యంగ్ అడల్ట్', అంటే టీనేజ్ పుస్తకాలు అని విడిగా ఏమీ ఉండదు. వాంపైర్ల సీరీస్ పక్కన పాత ఎంసెట్ గైడ్, దాని కింద వంటల పుస్తకం. అమ్మేవాళ్ళలో చాలామంది లావు చూసి, అట్ట చూసి రేటు చెప్తారు. రచయిత ఎవరన్నది పట్టించుకోరు. మనకి అదే లాభం.

వెతికేటప్పుడు అట్ట మీద అమెరికాలో ఇచ్చే అవార్డుల గుండ్రటి ముద్ర చూడండి. కొరెట్టా స్కాట్ కింగ్ పేరుంటే ఆఫ్రికన్ అమెరికన్లు రాసిందో, బొమ్మలు వేసిందో. 1996లో మొదలైన ప్యూరా బెల్ప్రే అయితే లాటినో జీవితం. 2000 నుంచి ఇస్తున్న ప్రింట్జ్ ఏ జాతికీ ప్రత్యేకం కాదు గానీ, టీనేజ్ సాహిత్యంలో దాన్ని కళ్ళు మూసుకుని కొనొచ్చు. అమెరికా లైబ్రరీలు తీసేసిన కాపీలు కూడా వస్తుంటాయి. లోపల స్టాంపు ఉంటుంది, బైండింగ్ మాత్రం గట్టిది.

నాకలా దొరికిందే జీన్ లుయెన్ యాంగ్ 'అమెరికన్ బార్న్ చైనీస్'. 2007లో ప్రింట్జ్ గెలిచిన మొదటి బొమ్మల నవల. అందులో కోతిరాజు దేవతల విందుకి వెళ్తే, కాళ్ళకి బూట్లు లేవని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. తిరిగొచ్చి, కోతులన్నీ బూట్లు తొడుక్కోవాలని హుకుం జారీ చేస్తాడు. క్లాసులో హనుమంతుడి ప్రస్తావన వస్తుందనుకున్నా. రాలేదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అంది: "మా తాత ఊరి వీధిలో నడవాలంటే చెప్పులు చేత్తో పట్టుకోవాల్సొచ్చేది మేడమ్. వీళ్ళేమో వేసుకోలేదని గెంటేస్తున్నారు." ఆ పీరియడంతా నా నోట్సు తెరవనేలేదు.

లోపాలూ ఉన్నాయి. దొంగ ప్రింట్లు ఎక్కువ. అట్ట నిగనిగలాడుతూ లోపల అక్షరం మసగ్గా ఉంటే వదిలేయండి. ఒకచోట కొన్నదాంట్లో చివరి పేజీలు లేవు. తీసుకెళ్ళి చూపిస్తే, నేనే చదివేసి వాపసు ఇస్తున్నానన్నాడు అమ్మినతను!

అంతకన్నా పెద్ద లోటు, ఇక్కడ దొరికే వైవిధ్యం దాదాపు అమెరికా నుంచి దిగినదే. ఇదే ఊళ్ళోని అన్వేషి సంస్థ దళిత, ముస్లిం పిల్లల జీవితాలతో 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' కథల సెట్ నాకు ఈ గుట్టల్లో ఇంతవరకు తగల్లేదు. చెప్పుల మాటన్న అమ్మాయికి ముందు చదివించాల్సింది అవే. ప్రస్తుతానికి లైబ్రరీ కాపీతో నెట్టుకొస్తున్నా.

వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, మబ్బు పట్టిన రోజు వద్దు. చెప్పిన రేటులో సగానికి అడగండి. ముద్ర ఉన్న పుస్తకం కనిపిస్తే మాత్రం మొహంలో సంతోషం బయటపడనివ్వకండి, అక్కడికక్కడే రేటు పెంచేస్తారు.