ప్రాజెక్టు డాక్యుమెంట్లకు ఏది మేలు: డ్రైవా, వికీనా, గిట్టా?

విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ టీములు డాక్యుమెంట్లు రాయవని అంటారు గానీ, రాస్తాయి. అవి ఎక్కడున్నాయో తెలిసిన మనిషి సరిగ్గా అవసరమైన రోజే సెలవులో ఉంటాడు, అంతే. అప్పుడు అందరూ వాట్సాప్ గ్రూపులో పైకి స్క్రోల్ చేస్తూ కూర్చుంటారు. వాట్సాప్‌ను ఈ పోటీలోకి తీసుకోవడం లేదు. కొత్తగా చేరినవాళ్లకు పాత సంభాషణంతా కనిపించని చోట డాక్యుమెంటు ఉన్నా లేనట్టే.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఎనిమిది మంది టీము ఒకటి ఉందనుకుందాం. వాళ్ల దగ్గర టిక్కీకి (మిర్చి బస్తాకి) అద్దె ఎలా లెక్కేయాలన్న రూల్సు, సర్వర్‌లో కొత్త వెర్షన్ పెట్టే పద్ధతి, గుమస్తాల కోసం తెలుగులో యూజర్ మాన్యువల్, క్లయింటుతో మీటింగుల్లో ఒప్పుకున్న విషయాలు ఉంటాయి. ఇవన్నీ ఒకే రకం కాగితాలు కావు. ఏది మేలు అన్న ప్రశ్నకు చిక్కంతా అక్కడే వస్తుంది.

గూగుల్ డ్రైవ్‌తో మొదలుపెడదాం, ఎలాగూ అందరూ మొదలుపెట్టేది దాంతోనే. ఎవరికీ నేర్పక్కర్లేదు. లింకు పంపితే గుంటూరులో గుమస్తా ఫోన్‌లోనే తెరిచి చదువుకుంటాడు. సెర్చ్ కూడా బాగుంటుంది, పీడీఎఫ్ లోపలి మాటలు సైతం వెతికి పెడుతుంది. చిక్కు యజమాని దగ్గర. మామూలు డ్రైవ్‌లో ఫైలు ఎవరు తయారుచేస్తే వాళ్ల అకౌంటుకే చెందుతుంది. సొంత జీమెయిల్‌తో మాన్యువల్ మొదలుపెట్టినవాడు ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోతే ఆ ఫైలు కూడా అతనితోనే పోయినట్టు. కంపెనీ పేరు మీదే ఉండే షేర్డ్ డ్రైవ్ కావాలంటే గూగుల్ ఆఫీసులకిచ్చే వర్క్‌స్పేస్‌లో డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలి. ఇంకొకటి చాలామంది గమనించరు: గూగుల్ డాక్స్‌లోనే రాసినదానికి మార్పుల చరిత్ర ఉంటుంది గానీ, అప్‌లోడ్ చేసిన వర్డ్ ఫైలు పాత వెర్షన్లు ప్రత్యేకంగా ఉంచమని చెప్పకపోతే 30 రోజుల తర్వాతో, 100 వెర్షన్లు దాటాకో పోవచ్చు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అనే ఫైళ్లు పుట్టేది ఇలాంటి భయంతోనే.

వికీ అంటే అందరూ కలిసి రాసి, దిద్దుకునే వెబ్ పేజీలు. ఈ ఆలోచన పాతదే. వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని 1995లో నెట్‌లో పెట్టాడు. ఇప్పుడు ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే వికీ సాఫ్ట్‌వేర్ కన్‌ఫ్లుయెన్స్ 2004లో వచ్చింది. పేజీ కింద పేజీ, ఒకదాన్నుంచి మరోదానికి లింకు, పక్కనే కామెంట్లు, అన్నీ చూడముచ్చటగా ఉంటాయి. పది మంది వరకు ఉచితం, పదకొండో మనిషి చేరితే అందరికీ కలిపి కట్టాలి. ఖర్చు వద్దని ఉచిత వికీ సాఫ్ట్‌వేర్ మీడియావికీని సొంత సర్వర్‌లో పెట్టుకుంటే దాని బ్యాకప్పులూ అప్‌డేట్లూ చూసే పని నెత్తిన పడుతుంది. అసలు లోటు డబ్బు కాదు. వికీకి పాత పేజీలు తీసేసే, తప్పుడు పేజీలు దిద్దే మనిషి ఒకరు ఉండాలి. ఎనిమిది మందిలో ఆ పని ఎవరిది? అందరిదీ అంటే ఎవరిదీ కాదు.

ఇక గిట్, ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్. లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని 2005లో కోడ్ కోసం చేశాడు గానీ, మార్క్‌డౌన్‌లో (హెడింగులూ లిస్టులూ చిన్న గుర్తులతో రాసే పద్ధతిలో) రాసిన మామూలు టెక్స్టుకూ అంతే బాగా పనిచేస్తుంది. కోడ్ ఉండే రెపోలోనే (గిట్ చూసుకునే ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే) ‘డాక్స్’ అని ఒక ఫోల్డర్ పెడితే చాలు. గడువు దాటిన టిక్కీలకు అదనపు అద్దె వేసే పద్ధతి మారిందనుకోండి. ప్రోగ్రామర్ కోడ్ మార్చి, అదే పుల్ రిక్వెస్టులో (మార్పులు చూసి ఒప్పుకోమని టీముకు పంపేదాంట్లో) రూలు రాసిన పేజీనీ మారుస్తాడు. చూసేవాళ్లకు రెండు మార్పులూ పక్కపక్కనే కనిపిస్తాయి. పేజీ మార్చకపోతే “మరి డాక్యుమెంటు సంగతేంటండీ?” అని అక్కడే ఆపేయొచ్చు. ఆరు నెలల తర్వాత క్లయింటు గొడవకు దిగితే, ఆ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో గిట్‌లోని ‘బ్లేమ్’ చూస్తే తేలిపోతుంది, మార్పు సేవ్ చేసేటప్పుడు పెట్టే కమిట్ మెసేజ్ సరిగ్గా రాసి ఉంటేనే సుమా. ఒక కోల్డ్ స్టోరేజీ ఇంకా పాత వెర్షన్ మీదే ఉందా? ఆ వెర్షన్‌కు గుర్తుగా పెట్టిన ట్యాగ్ తెరిస్తే అప్పటి రూల్సే దొరుకుతాయి. ఈ సదుపాయం డ్రైవ్‌లో, వికీలో ఇంత తేలిగ్గా రాదు. పైగా ప్రతి ల్యాప్‌టాప్‌లో పూర్తి కాపీ ఉంటుంది కాబట్టి నెట్ పోయినా చదువుకోవచ్చు.

లోట్లు లేవా అంటే ఉన్నాయి. సపోర్ట్ వాళ్లకు గిట్ అంటే టెన్షన్. గిట్ రెపోలను నెట్‌లో ఉంచే గిట్‌హబ్‌లో పెన్సిల్ గుర్తు నొక్కి బ్రౌజర్‌లోనే దిద్దొచ్చని చూపిస్తే సగం భయం పోతుంది, మిగతా సగం ఇద్దరు ఒకే లైను మార్చి మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు మళ్లీ మొదలవుతుంది. వర్డ్ ఫైళ్లలో ఏం మారిందో గిట్ మామూలుగా చూపించదు. 100 ఎంబీ దాటిన ట్రైనింగ్ వీడియోను గిట్‌హబ్ మామూలుగా తీసుకోదు. క్లయింటుకు మన ప్రైవేట్ రెపో ఎలాగూ చూపించం.

తెలుగు మాన్యువల్ గురించి ఒక మాట. దాన్ని డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో కొట్టించి తెస్తే, ఈ మూడింట్లో ఎక్కడ పెట్టినా సెర్చ్‌కు దొరకదు. కాపీ చేస్తే పిచ్చి గీతలే వస్తాయి. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే యూనికోడ్‌లో ఇవ్వమని ముందే అడగండి.

కాబట్టి ఎనిమిది, పది మంది టీముకు నా ఓటు గిట్‌కే. కోడ్‌తో పాటు మారేదంతా అందులో ఉండాలి. క్లయింటు చూడాల్సిన మాన్యువల్, సంతకాలైన కాగితాలు, వీడియోలు కంపెనీ అకౌంటులోని డ్రైవ్‌లో పెట్టి, వాటి లింకులు రెపో తెరవగానే కనిపించే రీడ్‌మీ ఫైల్లో రాయండి. వికీ జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. నాలుగైదు ప్రాజెక్టులై, పేజీలు చూసుకోవడమే పనిగా ఒకరిని పెట్టుకోగలిగిన రోజున ఆలోచించవచ్చు.

సర్వర్ పాస్‌వర్డ్‌లు మాత్రం మూడింట్లో ఎక్కడా పెట్టొద్దు, ముఖ్యంగా గిట్‌లో. ఫైలు తీసేసినా చరిత్రలో అలాగే ఉండిపోతుంది. బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. ఇప్పటికే ఎవరైనా పెట్టేసి ఉంటే, చరిత్ర చెరిపే ప్రయత్నం తర్వాత చేయొచ్చు, ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి.