ఊరిని చూసి కాదు, కుక్కని చూసి ఒప్పుకోండి: హౌస్ సిట్టింగ్ గురించి మా అనుభవం

హౌస్ సిట్టింగ్ అంటే ఊరెళ్ళినవాళ్ళ ఇంట్లో ఉండి, ఆ ఇంటినీ వాళ్ళ పెంపుడు జంతువుల్నీ చూసుకోవడం. హోటల్ డబ్బులు మిగుల్తాయనే ఒక్క ఆశతో అయితే దీని జోలికి రావద్దు. డబ్బులు మిగిలే మాట నిజమే. మా ఆయన బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచి ఇద్దరం ఇలాగే తిరుగుతున్నాం. పుదుచ్చేరి, కూనూరు, బెంగళూరు, ఎక్కడ ఉన్నా అద్దె కట్టలేదు. ఖర్చల్లా టికెట్లు, కూరగాయలు. ఊరెళ్ళేవాళ్ళ ఇంట్లో దిగుతాం. వాళ్ళు వచ్చేదాకా ఇల్లు, కుక్కో పిల్లో, మొక్కలు మా బాధ్యత. జీతం ఉండదు, అద్దె ఉండదు. అయితే ఆ బాధ్యత పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పడుకునేదాకా మన వెంటే ఉంటుంది. జంతువులంటే ప్రాణం పెట్టేవాళ్ళకి అది బరువు అనిపించదు. మిగతావాళ్ళు మూడో రోజుకే విసిగిపోతారు.

దీనికి పేరున్న వెబ్‌సైట్ ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్. 2010లో బ్రిటన్‌లో మొదలైంది. ఇంటివాళ్ళూ, ఉండటానికి వెళ్ళేవాళ్ళూ ఇద్దరూ ఏడాదికింతని సభ్యత్వం కడతారు. గుర్తింపు పత్రాలు చూస్తారు, అయ్యాక ఒకరి గురించి ఒకరు రివ్యూ రాస్తారు. పద్ధతి బాగుంది కానీ మన దేశంలో ఇళ్ళు తక్కువే కనిపిస్తాయి. మాకు పనికొచ్చింది మాత్రం నోటిమాటే. ఒకరింట్లో బాగా చూసుకుంటే వాళ్ళ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మన పేరు తిరుగుతుంది, అక్కణ్ణుంచి ఇంకొకరు పిలుస్తారు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు మా నెల్లూరు నిండా ఉన్నారు కాబట్టి ఒక మాట. విజిటర్ వీసా మీద వెళ్ళి అక్కడ ఇలా చేద్దామనుకోవద్దు. డబ్బు తీసుకోకపోయినా, ఉండటానికి చోటు ఇచ్చినందుకు పని చేస్తున్నారనే లెక్క వేయొచ్చు. 2022లో పిల్లుల్ని చూసుకోవడానికి కెనడా వెళ్తున్న ఒక ఆస్ట్రేలియా మహిళను లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ఆపి, ఇదే కారణంతో వెనక్కి పంపేశారు. కూతురింటికి వెళ్ళి కూతురి కుక్కని చూసుకోండి, అది వేరే సంగతి.

ఇక అసలు విషయం. ఇల్లు సముద్రం పక్కనుందనో, బాల్కనీలోంచి కొండలు కనిపిస్తాయనో ఒప్పుకుంటే చాలా ఇబ్బంది పడతాం. బెంగళూరులో ఒక ఇంటివాళ్ళు "మావాడు చాలా సాఫ్ట్ అండీ" అని చెప్పి వెళ్ళారు. ఆ కుక్కని పది నిమిషాలు ఒంటరిగా వదిలితే తలుపు గీరుతూ ఒకటే ఏడుపు. పక్క ఫ్లాట్ వాళ్ళు గొడవ. ఇద్దరం కలిసి బయటికి వెళ్ళిందే లేదు, లాల్‌బాగ్ కూడా ఒకరి తర్వాత ఒకరం చూసొచ్చాం. ఆ కుక్క తప్పు ఏమీ లేదు, పాపం దానికి భయం. చెప్పాల్సిన మాట దాచినవాళ్ళదే తప్పు. అందుకే ఇప్పుడు ముందే వీడియో కాల్‌లో అన్నీ అడుగుతాం. ఒంటరిగా ఎంతసేపు ఉంటుంది? బెల్ కొడితే ఏం చేస్తుంది? ఎవర్నైనా కరిచిందా? టీకాల పుస్తకం చూపించమంటాం. మొహమాటపడితే కుదరదు.

మేమిద్దరం ముందుజాగ్రత్తగా రేబిస్ టీకాలు వేయించుకున్నాం. వేయించుకున్నా సరే, పన్ను దిగితే 15 నిమిషాలు సబ్బు పెట్టి ధారకింద కడిగి, ఆస్పత్రికి వెళ్ళి బూస్టర్ వేయించుకోవాల్సిందే.

పుదుచ్చేరిలో మేం చూసుకున్న ముసలి లాబ్రడార్‌ని మాత్రం ఇప్పటికీ తలుచుకుంటుంటాం. కీళ్ళ నొప్పులు, రెండు పూటలా మాత్ర. గుడ్డు పచ్చసొనలో పెట్టి ఇస్తే సొన మొత్తం నాకేసి, మాత్రను శుభ్రంగా గిన్నె పక్కన పెట్టేది. చివరికి చల్లారిన ఇడ్లీతో కుదిరింది. మూడు చిన్న ఉండలు చేసి, మాత్ర రెండోదాంట్లో పెట్టేదాన్ని. మొదటిది తిన్నాక రెండోది నోట్లో ఉండగానే మూడోది చూపిస్తే, అది ఎక్కడ పోతుందోనని రెండోది నమలకుండా మింగేసేది. ఇలాంటివి ఇంటివాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఉండవు.

తిండి విషయంలో మనవాళ్ళకి ఇంకో సంగతి. చేపల పులుసు మిగిలితే కుక్కకి అన్నంలో కలిపి పెట్టడం మన వైపు అలవాటు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి, పిల్లులకి విషం, రక్తకణాలు దెబ్బతింటాయి. ద్రాక్ష, చాక్లెట్ కూడా కుక్కల దగ్గరికి రానివ్వకూడదు. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే అలకలే అని ఊరుకోకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాలి, ఆకలితో ఉంటే దాని కాలేయం త్వరగా పాడవుతుంది. అన్నట్టు, కొన్ని ఇళ్ళలో నీసు వండొద్దంటారు. కూనూరులో మేం ఉన్న ఇల్లు అలాంటిదే. చేప లేకుండా అన్ని రోజులు మా ఆయనకి కష్టమే అయింది కానీ, మాటిచ్చాక వండకూడదు.

సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు, జనం ఊరెళ్ళేది అప్పుడే, మనల్ని పిలిచేదీ అప్పుడే. అంటే మనింట్లో పండగ ఉన్నప్పుడు మనం వేరేవాళ్ళింట్లో ఉంటాం. దీపావళికి పిలిస్తే మాత్రం మేం వెళ్ళం. ముందే కుదురు లేని కుక్క ఆ టపాసుల మోతకి గేటు దూకి పారిపోతే వెతకడానికి మనకి ఆ వీధులు కూడా తెలియవు.

నెల్లూరులోనూ ఈ అవసరం పెరుగుతోంది. మాగుంట లేఅవుట్‌లో, వేదాయపాలెంలో ఎంతమంది పెద్దవాళ్ళు ఆర్నెల్లు పిల్లల దగ్గరికి వెళ్తున్నారో చూస్తున్నాం. తాళం వేసిన ఇంటికి పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌లో (తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెట్టే ఏర్పాటు) నమోదు చేసుకుంటే ఉచితంగా కెమెరా పెడతారు, దొంగల భయం తగ్గుతుంది. కుక్కకి అన్నం పెట్టడానికి మాత్రం మనిషి కావాలి. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు దూరం వెళ్ళకముందు ఇక్కడే రెండు రోజులు చేసి చూడండి. మే నెలలో అయితే కుక్కని సూర్యుడు రాకముందే తిప్పాలి. అరచేతి వెనక వైపుని రోడ్డు మీద ఐదారు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. మీ వీధి పశువుల డాక్టర్ దగ్గర మీ పేరు, నంబరు ఇచ్చి ఉంచండి, ఊరెళ్ళేవాళ్ళు ముందు అడిగేది ఆయన్నే.