సాఫ్ట్ కోరల్స్‌తో ఇన్నేళ్ళు: ఏవి తెచ్చుకోవచ్చు, ఏవి వద్దు

ఉప్పునీటి ట్యాంకు కొత్తగా పెట్టేవాళ్ళకి షాపువాళ్ళు చెప్పే మొదటి మాట, "సాఫ్ట్ కోరల్స్ తీసుకోండి, అంత తొందరగా చావవు" అని. సాఫ్ట్ కోరల్స్ అంటే రాయిలాంటి సున్నపు గూడు కట్టని మెత్తటి పగడాలు. డాలస్ పక్కన ప్లేనోలో, మా హాల్లో నలభై గ్యాలన్ల ట్యాంకులో ఏళ్ళ తరబడి పెంచాక చెప్తున్నా, ఆ మాట నిజమే. అవి విపరీతంగా పెరుగుతాయి, పెరిగి పక్కవాటిని బతకనివ్వవు. వచ్చిన చిక్కల్లా అక్కడే. చాలామంది లైట్ల మీద, సీసాల్లో అమ్మే తిండి మీద డబ్బు తగలేస్తారు. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది నీళ్ళలో ఏం కరిగి ఉందో.

మా ట్యాంకులో పెద్దదిక్కు టోడ్‌స్టూల్ లెదర్, అంటే సార్కోఫైటన్. తోలులాంటి ఒళ్ళు, గొడుగులా విచ్చుకున్న తల, దాని నిండా సన్నటి పాలిప్స్, అంటే పువ్వుల్లా విచ్చుకునే చిన్న చిన్న నోళ్ళు. ఇది నెలకో రెండు నెలలకో ఉన్నట్టుండి పాలిప్స్ అన్నీ లోపలికి లాక్కుంటుంది. ఒళ్ళంతా మైనం పూసినట్టు మెరుస్తుంది. నాలుగు రోజులు అలా ఉండొచ్చు, రెండు వారాలూ ఉండొచ్చు. కొత్తవాళ్ళు పోయిందనుకుని తీసి పారేస్తారు. అది చేసే పనల్లా తన మీద పట్టిన పాచిని పైపొరతో సహా వదిలించుకోవడం. పొర అంచు ముందు ఒకచోట లేస్తుంది, తర్వాత తడిసిన పాల కవరులా అల్లాడుతూ ఊడిపోతుంది. చేత్తో లాగకూడదు. పవర్‌హెడ్‌ని (ట్యాంకులో నీళ్ళని తిప్పే చిన్న పంపు) కాస్త అటువైపు తిప్పి, నీటి ఒరవడి నేరుగా కొట్టకుండా ఒరుసుకుంటూ పోయేలా పెడితే చాలు. పొర పోయాక పాలిప్స్ ముందుకంటే నిండుగా బయటికొస్తాయి.

ఇక విషం సంగతి. సార్కోఫైటన్, సిన్యులేరియా లాంటి లెదర్లు టెర్పీన్ల జాతి రసాయనాలు నీళ్ళలోకి వదులుతాయి. చేపలు కొరక్కుండా, పక్కన ఇంకో కోరల్ ఎదగకుండా ఉండటానికి వాటికున్న ఆయుధం అదే. సముద్రంలో అయితే పలుచనైపోతాయి. నలభై గ్యాలన్లలో ఎక్కడికి పోతాయి? టోడ్‌స్టూల్‌కి జానెడు దూరంలో పెట్టిన హ్యామర్ కోరల్ (ఒక గట్టి పగడం) నీళ్ళ పరీక్షలన్నీ బాగున్నా విచ్చుకోకపోతే అనుమానించాల్సింది దీన్నే. దీనికి మందు యాక్టివేటెడ్ కార్బన్. నల్లనీళ్ళు పోయేదాకా కడిగి, మెష్ సంచిలో పోసి, నీళ్ళు దాని గుండా పారేచోట పెట్టాలి. నెలకోసారి మార్చాలి. కోరల్‌ని ముక్కలుగా పంచడానికి కోసిన రోజు మాత్రం పాతది ఎంత కొత్తగా ఉన్నా తీసేసి మళ్ళీ వేస్తాను, కోతప్పుడు వదిలే రసం అంతా ఇంతా కాదు. రెండు వారాలకోసారి పదిహేను శాతం నీళ్ళు మార్చడం దీనికి అదనం. ట్యాంకుని పొడుగువైపు నుంచి, అవతల తెల్లకాగితం పెట్టి చూడండి. పసుపుగా కనిపిస్తే కార్బన్ పని అయిపోయినట్టే.

ఉప్పు సాంద్రత 1.025 లేదా 1.026, వేడి 25, 26 డిగ్రీల సెల్సియస్, ఆల్కలినిటీ, అంటే నీళ్ళు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, దాని కొలత డీకేహెచ్‌లో 8 నుంచి 9. వీటి ఒంట్లో సున్నపు ముళ్ళు ఉన్నా వాడకం తక్కువ, కాబట్టి కాల్షియం విడిగా పోయక్కర్లేదు, మార్చే నీళ్ళే సరిపెడతాయి. అయోడిన్ చుక్కలు కొన్నాళ్ళు వేశాను, కొన్నాళ్ళు మానేశాను, తేడా ఏమీ లేదు. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా అని మురిసిపోయేవాళ్ళతో మాత్రం నాకు పేచీ. అంత శుభ్రమైన నీళ్ళలో లెదర్లు ముడుచుకుంటాయి, పైగా డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురులా ఇసుకని కప్పేస్తాయి. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య ఉంటే నాకు నిశ్చింత. లైటుకి పార్ (కోరల్‌కి పనికొచ్చే వెలుతురు కొలత) 50 నుంచి 150 చాలు. అంతకు మించి కొనడం దండగ.

మా ఊరి కుళాయి నీళ్ళలో ఏడాదిలో ఎక్కువ భాగం క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) ఉంటుంది. మార్చిలో కొన్ని వారాలు మాత్రం ఇక్కడి వాటర్ డిస్ట్రిక్ట్ పైపులు శుభ్రపడటానికి ఉత్త క్లోరిన్ వేస్తుంది. ఆ వాసనకి అందరూ కంగారుపడతారు కానీ మన ఆర్‌వో ఫిల్టరులోని కార్బన్‌కి క్లోరిన్ పట్టడమే తేలిక. మిగతా నెలల్లోని క్లోరమినే మొండిది. కార్బన్ దాటి వచ్చిన నీళ్ళని టోటల్ క్లోరిన్ పరీక్షతో చూసుకుంటూ ఉండాలి.

వీటి ఓర్పు నేను చూసింది 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో. టెక్సస్ అంతా కరెంటు కోతలు, ఇంట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్న పరిస్థితి. ట్యాంకు వేడి 18 డిగ్రీల దాకా పడిపోయింది. గ్యాస్ స్టవ్ మీద నీళ్ళు కాచి, సీసాల్లో పోసి మూతలు బిగించి ట్యాంకులో తేల్చాం. బ్యాటరీతో నడిచే గాలి పంపు పెట్టాం, అప్పుడు వేడికంటే ఆక్సిజనే ముఖ్యం. లెదర్లు, మష్రూమ్‌లు (బిళ్ళల్లా ఉండే కోరల్స్) ముద్దలా ముడుచుకుని, కరెంటు నిలకడగా వచ్చాక వారంలో తేరుకున్నాయి.

కొత్తవాళ్ళకి నా మొదటి ఓటు మష్రూమ్‌లకే. కింద, నీడలో పెట్టి మర్చిపోవచ్చు. గ్రీన్ స్టార్ పాలిప్స్ చూడటానికి పచ్చగడ్డి మైదానమే, కానీ దాని ఊదారంగు చాప రాళ్ళనీ అద్దాన్నీ కూడా పాకేస్తుంది. ఇసుక మధ్య ఒంటరి రాయి మీద పెడితేనే తెచ్చుకోండి. జీనియా అనే సాఫ్ట్ కోరల్ తన పాలిప్స్‌ని పిడికిళ్ళలా మూస్తూ తెరుస్తూ ఉంటే గంటలు గడిచిపోతాయి. ఆ ఆట ఊరికే కాదట. ఈ కుటుంబపు కోరల్స్ మీద ఇజ్రాయెల్ పరిశోధకులు 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆ కదలికకి చుట్టూ పేరుకున్న ఆక్సిజన్ కొట్టుకుపోయి, ఒంట్లోని నాచు చేసే కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుంది. అయినా నేను దీన్ని వద్దనే చెప్తాను. ఒకసారి ట్యాంకులోని పెద్ద రాళ్ళ గుట్ట మీదికెక్కితే దించడం మన తరం కాదు.

జువాంథిడ్లు, అంటే గుండీల్లా గుంపుగా పెరిగే పాలిప్స్, అసలు సాఫ్ట్ కోరల్సే కావు, కానీ షాపులో అదే వరసలో పెడతారు. వాటిలో కొన్నింట్లో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. 1971లో దాన్ని మొదట వేరుచేసింది హవాయిలో దొరికిన పాలిథోవా నుంచే. గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టొద్దు. అవి ఉన్న రాయిని ఉడకబెట్టడం, వేడినీళ్ళు పోయడం, గట్టిగా బ్రష్‌తో తోమడం అసలు చెయ్యొద్దు. ఆవిరితో, తుంపరతో ఒంట్లోకి పోయి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి.

లెదర్‌ని కోసి పంచడానికి బ్లేడు చాలు. ముక్కని జిగురుతో అతికిద్దామంటే ఒంటి జారుడుకి నిలవదు. రాతిముక్క మీద పెట్టి పల్చటి నెట్టు గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేస్తే, రెండు మూడు వారాల్లో తనే పట్టుకుంటుంది. బ్యాండు బిగువైతే ముక్క తెగిపోతుంది, వదులుగా వెయ్యండి.

హైదరాబాదు నుంచి మా బావమరిది, అక్కడ కూడా ఇలాంటి ట్యాంకు పెట్టొచ్చా అని అడుగుతుంటాడు. గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే చట్టం అన్నిటికంటే గట్టిగా కాపాడే జీవుల జాబితాలో, ఉన్నాయి. అమ్మేవాడు ఏ పేరు చెప్పినా, అది ఏ జాతిదో మీరు తేల్చుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.