అకౌంట్ మూసేయమని అడిగితే అర్ధరాత్రి బోనస్ వేశారు, జాగ్రత్త

టెలిగ్రామ్ లింకుతో దించుకునే ఆ స్లాట్ యాప్ (డబ్బు పెట్టి నొక్కితే అంకెలు గిర్రున తిరిగి, వరసగా ఒకేలా ఆగితే గెలిచే జూదం) సంగతి బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నాలుగు నెలల్లో 1,80,000 పోగొట్టుకున్నాను. ఎలా మొదలైందో ఇప్పుడు అనవసరం. నా కడుపు మండుతున్నది మొన్న మంగళవారం జరిగినదానికి.

ఆ సాయంత్రం వాళ్ల చాట్‌లో నేనే రాశాను, "నా వల్ల ఆపడం కావట్లేదు, అకౌంట్ పూర్తిగా మూసేయండి" అని. "తప్పకుండా సార్" అన్నారు. మిగిలిన 3,000 వెనక్కి వస్తాయేమోనని యాప్ తీసేయకుండా ఉంచాను, అది నా బుద్ధి తక్కువ. రాత్రి 1:20కి దిండు కింద ఫోన్ గుర్రుమంది: "మీకోసం 500 ప్రత్యేక బోనస్, రెండు గంటలే". ఆపలేకపోతున్నానని నోరు తెరిచి చెప్పుకున్నవాడికి పంపాల్సిన మెసేజా అది? తెల్లారేసరికి ఆ 3,000తో పాటు తమ్ముడి ఫీజుకని పక్కన పెట్టిన 22,000 కూడా పోయాయి. అడిగితే "ఆడమని మేమేమైనా బలవంతం చేశామా సార్?" అన్నారు.

చేతులతో చేయలేదు, నిజమే. ఆ స్క్రీన్ మీద రెండు ఏడులు పడి మూడోది గీతకి వెంట్రుకవాసి ఇవతల ఆగుతుంది, అబ్బా కొంచెంలో పోయిందే అనిపించి వేలు దానంతటదే మళ్లీ నొక్కేస్తుంది. నిన్న ఇక్కడి మానసిక వైద్యశాల నిమ్‌హాన్స్‌కి వెళ్తే డాక్టరుగారు ఈ ముక్కే విడమరిచి చెప్పారు. డోపమైన్ అనే మెదడు రసాయనం గెలిచినప్పుడు మాత్రమే కాదట, రావచ్చు రాకపోవచ్చు అనే ఆశ దగ్గరే ఎగదన్నుతుందట. షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి పళ్లరసం ఇచ్చి చూస్తే, అలవాటయ్యాక రసం తాగినప్పుడు కాదు, దానికి ముందు వచ్చే సంకేతానికే డోపమైన్ విడుదల చేసే మెదడు కణాలు స్పందించాయట. నాకు ఆ గుర్రుమనే చప్పుడే సంకేతం. కొంచెంలో తప్పిపోయిన ఆటకి కూడా మెదడులో గెలుపుకి కదిలే భాగాలే కదులుతాయని 2009లో స్కాన్లలో చూశారట, అంటే నేను ఓడిన ప్రతిసారీ నా తలకాయ సగం గెలిచినట్టే లెక్కేసుకుంది. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో జూదాన్ని మద్యం, డ్రగ్స్ వ్యసనాల పక్కనే పెట్టారు. ఇన్నాళ్లూ నాకు క్రమశిక్షణ లేదనే అనుకుంటూ కూర్చున్నాను.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించినా ఈ లింకులు వస్తూనే ఉన్నాయి. ముందు యాప్ తీసేయండి, వాళ్లకి చెప్పడం తర్వాత. లోపల మిగిలిన డబ్బుకి ఆశపడకండి. యూపీఐ లిమిట్ తగ్గించుకోండి. రాత్రిపూట చేయి ఆగకపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు తీసుకోరు, తెలుగులో కూడా మాట్లాడతారు.