బీడబ్ల్యూఏ-మెమ్: తెలియనప్పుడు సున్నా వేస్తుంది

సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్కలు (రీడ్లు) రిఫరెన్సులో, అంటే పోల్చడానికి మనమిచ్చే పూర్తి జీనోమ్‌లో, ఎక్కడివో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ బీడబ్ల్యూఏ-మెమ్. దీన్ని ఎలా ఎక్కించుకోవాలి, వెతకడానికి దీనికి కావలసిన ఇండెక్స్ ఎలా కట్టాలి అన్నవి ఇప్పటికే చాలామంది రాశారు, వాటి జోలికి పోను. శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ముగించి, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్యాక్టీరియా రీడ్లతో ఈ పని నేర్చుకున్నదాన్ని. ఇంతకాలం వాడాక కూడా నా మనసు నిలిచింది ఒక్క గడి మీదే: ప్రతి రీడుకూ ఇది వేసే మ్యాప్‌క్యూ మార్కు. 60 వేసిందంటే చోటు మీద గట్టి నమ్మకం ఉన్నట్టు. సున్నా వేసిందంటే ఎక్కడిదో తేల్చలేకపోయినట్టు.

అందరిలాగే ఈ.కోలై బ్యాక్టీరియా కె-12 రకంతో మొదలుపెట్టాను. 46 లక్షల డీఎన్‌ఏ అక్షరాల జీనోమ్. ఫలితాన్ని, రీడ్లను బొమ్మగా చూపే ఐజీవీలో తెరిస్తే రీడ్లన్నీ బూడిదరంగులో నిండుగా ఉన్నాయి, కొన్నిచోట్ల మాత్రం తెల్లగా, బోలుగా కనిపించాయి. డేటా పాడైందని మా సీనియర్ అక్క తేల్చేసింది. పాడైతే అక్కడ రీడ్లు తగ్గాలి కదా, తగ్గలేదు. పెద్ద మచ్చలు లెక్కపెడితే ఏడు. ఒక్కోటి దాదాపు 5 వేల అక్షరాల పొడవు. జన్యువుల పట్టికతో సరిచూస్తే ఏడూ రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ ఆపరాన్లే (రైబోజోమ్‌కు కావలసిన ఆర్‌ఎన్‌ఏలను తయారుచేసే జన్యువుల గుంపులు)! ఇంచుమించు ఒకేలా ఉండే ఏడు ప్రతులు. వాటిలోని 16ఎస్ జన్యువే 1,500 అక్షరాలు దాటుతుంది, అందులోంచి తెగిన 150 అక్షరాల ముక్క ఏ ప్రతిదో ఎవరు చెప్పగలరు? మండలం పేరు లేకుండా ‘కొత్తపేట’ అని మాత్రమే రాసిన ఉత్తరం లాంటిది. బీడబ్ల్యూఏ-మెమ్ ఆ రీడును ఏదో ఒక ప్రతిలో వేస్తుంది, కానీ పక్కన సున్నా కూడా వేస్తుంది. ఐజీవీలో తెల్లగా కనిపించింది ఆ సున్నాయే. మచ్చల అంచులు చూస్తే ఇంకా ముచ్చటేసింది. జత రీడు (అదే డీఎన్‌ఏ ముక్కను రెండో కొన నుంచి చదివినది) బయట, ఒకే చోట దొరికే వరుసలో పడితే, దాని ఆసరాతో లోపలి రీడుకూ మార్కు పెరుగుతోంది.

అయితే 60ని కళ్లు మూసుకుని నమ్మను. దీనికి తెలిసిన లోకం మనమిచ్చిన రిఫరెన్సే. మరో స్ట్రెయిన్‌లో (అదే బ్యాక్టీరియాలో వేరే రకంలో) ఒకచోట రీడ్లు రెట్టింపు పడ్డాయి, సగం రీడ్లలో అక్షరాలు వేరు, అయినా అన్నిటికీ 60! నమూనాలో రెండు ప్రతులున్న జన్యువుకు రిఫరెన్సులో ఒక్కటే ఉంటే ఇలాగే అవుతుంది. ఈ కొలమానాన్ని మరో సాఫ్ట్‌వేర్‌కు మోసుకెళ్లకూడదు కూడా. ఇదే పని చేసే బౌటీ2లో మామూలుగా గరిష్ఠం 42, అక్కడ 50 కింద ఉన్నవి తీసేయమంటే ఒక్క రీడూ మిగలదు.

ఎండాకాలంలో కరెంటు పోయి సగంలో ఆగితే మళ్లీ మొదటి నుంచే. చిన్న జీనోమ్‌లు కాబట్టి నాకు సరిపోయింది. మనిషి జీనోమ్‌కు ఇండెక్సే 5 జీబీకి పైగా ర్యామ్ తీసుకుంటుంది, నా ల్యాప్‌టాప్‌తో ఆ సాహసం చేయను. ఆర్‌ఎన్‌ఏ రీడ్లయితే ఇంట్రాన్లు (జన్యువులో ఉండి, ఆర్‌ఎన్‌ఏలోంచి తీసివేయబడే భాగాలు) దాటాలి, అది దీని పని కాదు. వరి ఆర్‌ఎన్‌ఏ చూసే మా అక్క అందుకే, ఆ పని చేయగల హైశాట్2 వదలదు.