బావురు పిల్లికి కెమెరానా, కాలరా? ఏది మేలు?

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే బావురు పిల్లులు ఎన్ని ఉన్నాయి అన్నదే ప్రశ్నయితే నా ఓటు కెమెరా ట్రాప్‌కే, అంటే జంతువు ఎదురుగా రాగానే తనంతట తనే ఫోటో తీసే కెమెరాకే. ఈ పిల్లి ఒంటి మీద మచ్చలు ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండవు, పైగా కుడిపక్కవి ఎడమపక్కవాటితో కలవవు, అందుకే అది నడిచే దారికి అటొకటి ఇటొకటి రెండు కెమెరాలు ఎదురెదురుగా కడతారు. పోటు నీళ్లు ఎంత ఎత్తుకొస్తాయో చూసుకుని మడచెట్టుకు కట్టాలి, లేదంటే తెల్లారేసరికి కెమెరా ఉప్పునీళ్ల పాలు. పిల్లిని పట్టే పని లేదు, మత్తు ఇచ్చే పని లేదు. 2018 గణనలో 115 దాకా ఉన్నాయన్నారు.

సరే, ఆ అంకెతో ప్రభుత్వం ఏం చేయాలి? ఇక్కడే చిక్కు. కెమెరా కట్టిన చోటే పిల్లి కనపడుతుంది. అన్నీ అభయారణ్యం లోపలే కడితే, పిల్లులన్నీ ఆ 235 చదరపు కిలోమీటర్లలోనే ఉన్నాయని మ్యాప్ చెబుతుంది. హద్దు దాటగానే తాళ్లరేవు వైపు రొయ్యల చెరువులు, గట్లు, కాపలా పాకలు, కుక్కలు.

పిల్లి పగలు మడలో పడుకుని రాత్రి చెరువుకొస్తోందా, లేక డ్రెయిను పక్క తుప్పల్లోనే కాపురం పెట్టిందా అన్నది చెప్పగలిగేది, మెడకు కడితే ఎక్కడెక్కడ తిరిగిందో నమోదు చేసే జీపీఎస్ కాలరే. హద్దు బయట ఎంత మేర కట్టడి పెట్టాలి, ఏ కాలువ వెంట మడ కొట్టకుండా వదలాలి అన్నవి ఆ దారి చూసి తేల్చాల్సినవి. కాలర్‌తో తంటాలూ తక్కువేం కాదు. జంతువు బరువులో మూడు నుంచి ఐదు శాతం దాటకూడదంటారు, కాబట్టి బ్యాటరీ చిన్నది. ఎక్కువసార్లు లొకేషన్ తీస్తే తొందరగా అయిపోతుంది, మునిగినప్పుడు సిగ్నలే ఉండదు. నాలుగైదు పిల్లుల తిరుగుడు చూసి కోరింగ అంతటికీ రూల్ రాయడమూ కుదరదు.

సముద్ర తాబేళ్లదీ ఇదే తంతు. 2021లో ఒడిశాలో రెక్కకు బిళ్ల వేసిన ఆలివ్ రిడ్లే 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెట్టింది! చవకైన బిళ్ల అంత పెద్ద సంగతి చెప్పింది గానీ, ఏ దారిన వెళ్లిందో చెప్పలేదు. మన దగ్గర సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, తాబేళ్లేమో ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య గుడ్లకొస్తాయి. ఆ నెలల్లో ట్రాలర్లను ఎక్కడ ఆపాలో తేల్చాలంటే తాబేలు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా చెప్పే శాటిలైట్ ట్యాగే దిక్కు.

మళ్లీ పిల్లి దగ్గరికొస్తే, ఒక్కదానికే డబ్బుందంటే నేను కాలరే అంటాను, అదీ మడ నడుమ దొరికిన పిల్లికి కాదు, చెరువు గట్టున దొరికిన దానికి. బోను పెట్టే ముందే ఆ రైతుతో మాట్లాడాలి, ఎందుకంటే మ్యాప్‌లో తన చెరువు మీద చుక్కలు పడితే రేపు చెరువే పూడ్చమంటారేమోనని ఆయన టెన్షన్ ఆయనది, ఆ భరోసా కాగితం మీద ఇవ్వకుండా బోను పెడితే ఏ గట్టు మీదా అడుగు పెట్టనివ్వరు.